డబుల్స్ దారి: సరిహద్దు పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్యాడ్మింటన్ డబుల్స్ గురించే. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి, ముంబయి కుర్రాడు చిరాగ్ శెట్టి కలిసి 2023 అక్టోబరులో ప్రపంచ నంబర్ వన్ జంట అయినప్పటి నుంచి ఇళ్లలో ఈ మాట పెరిగింది. ఒడిశా వైపు నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం పాఠకులూ మహారాష్ట్ర వైపు నుంచి బల్లార్షా పాఠకులూ రాశారు. ఒకే రకం ప్రశ్నల్ని కలిపి జవాబిస్తున్నాం.

మా పాపకు పదమూడేళ్లు. జిల్లా పోటీల్లో సింగిల్స్ రెండో రౌండు దాటడం లేదు. కోచ్ గారు డబుల్స్‌కు మార్చేద్దాం అంటున్నారు. సింగిల్స్ ఇక రాదని తేల్చేసినట్టేనా? ఇప్పుడే మార్చమంటారా?
— ఒక తల్లి, పర్లాకిమిడి

అమ్మా, సింగిల్స్‌లో ఓడిపోతోందన్నది డబుల్స్‌కు మార్చడానికి కారణం కాకూడదు. డ్రాలో మిగిలిపోయిన ఇద్దరిని జంట కట్టి వదిలేయడం చాలాచోట్ల అలవాటైపోయింది. అలా కట్టిన జంట చెరో సగం కోర్టులో సింగిల్సే ఆడుతుంది, మధ్యలో పడిన కాక్‌ను ఇద్దరూ వదిలేస్తారు. డబుల్స్‌కు కావలసిన పనితనం వేరు. అది పాపలో ఉందో లేదో చూసి నిర్ణయించండి.

తేడా కోర్టు గీతల్లోనే ఉంది. సింగిల్స్ కోర్టు వెడల్పు 5.18 మీటర్లు, డబుల్స్‌ది 6.10. అదే సర్వీసుకు వచ్చేసరికి డబుల్స్ గడి వెనక నుంచి 76 సెంటీమీటర్లు తగ్గిపోతుంది. ఎత్తుగా వెనక్కి సర్వీస్ చేద్దామంటే చోటు తక్కువ, ఎదుటివాడు రెండడుగులు వెనక్కి వేసి స్మాష్ కొట్టేస్తాడు. అందుకే పెద్ద స్థాయిలో సర్వీసులు దాదాపు అన్నీ పొట్టివే. ర్యాలీలో పై చెయ్యి ఎవరిదో ఎక్కువసార్లు మొదటి మూడు దెబ్బల్లోనే తేలిపోతుంది: సర్వీస్, దాని తిరుగు దెబ్బ, ఆపై సర్వీస్ చేసిన జంట కొట్టే మూడో దెబ్బ. సింగిల్స్‌లో ఓపికగా ఇరవై దెబ్బలు ఆడగలిగిన పిల్ల ఇక్కడ మూడో దెబ్బకే చిక్కుకుపోవచ్చు. సింగిల్స్‌లో వెనక మూలలకు పరుగెత్తలేక ఓడిపోయే పిల్ల నెట్ దగ్గర పులిలా ఉండొచ్చు.

కోచ్ గారితో కలిసి మూడు వారాలు ఈ మూడూ చూడండి. మొదటిది సర్వీస్: ఇరవై పొట్టి సర్వీసుల్లో ఎన్ని నెట్ పట్టీకి ఒక జానెడు ఎత్తులోపు దాటుతున్నాయి? పద్నాలుగు దాటితే ఆ వయసుకు చాలా మంచిది. రెండోది అడ్డదెబ్బలు: నెట్‌కు దగ్గరగా, బల్లపరుపుగా ఎదురెదురుగా డ్రైవ్‌లు ఆడించండి. రాకెట్ తల ఛాతీ ఎత్తు నుంచి కిందికి జారిపోతోందా, ప్రతి దెబ్బకూ మళ్లీ పైకి వస్తోందా? జారిపోయే చేతికి ఈ వేగం అందదు. ఇది సాధనతో కొంత కుదురుతుంది. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: జోడీ తప్పు చేసినప్పుడు పాప ఏం చేస్తుంది? మొహం తిప్పుకుంటుందా, దగ్గరికెళ్లి తరవాతి పాయింటు గురించి మాట్లాడుతుందా?

ఇవి బాగున్నా, పదిహేనేళ్ల వరకు సింగిల్స్ పూర్తిగా మాన్పించకండి. వెనక మూలల పాదాల కదలిక, తలపై నుంచి కొట్టే బ్యాక్‌హ్యాండ్, ఊపిరి, ఈ మూడూ సింగిల్సే నేర్పుతుంది. ముందే మానేసిన పిల్లలు పద్దెనిమిదేళ్లకు ముందు వరుసలోనే బావుంటారు, వెనక్కి నెడితే దొరికిపోతారు. వారానికి పన్నెండు గంటల సాధన ఉందనుకుంటే ఇప్పుడు నాలుగు గంటలు డబుల్స్‌కు ఇవ్వండి, పదహారేళ్లకు ఆ లెక్క తిరగేయండి. సాత్విక్, చిరాగ్‌లను జంటగా ఆడించడం మొదలుపెట్టింది 2016లో. అప్పటి జాతీయ డబుల్స్ కోచ్, మలేషియాకు చెందిన టాన్ కిమ్ హెర్ చేసిన పని అది. అప్పటికి సాత్విక్‌ వయసు పదహారు లోపే. కాబట్టి పదమూడేళ్లకు కంగారు పడాల్సిన పని లేదు.

మేం తెలుగువాళ్లమే గానీ రెండు తరాలుగా రాయగడలోనే ఉంటున్నాం. బాబును ఒడిశా తరఫున నమోదు చేయించాలా, విశాఖ తీసుకెళ్లి ఆంధ్ర తరఫునా? అంతర్జాతీయ స్థాయికి వెళ్లే మెట్లేమిటి?
— రాయగడ

మీరుండే చోటి నుంచే చేయించండి. ఆంధ్ర, తెలంగాణ డ్రాల్లో రద్దీ ఎక్కువ. రాష్ట్ర జట్టులో చోటుకు ఒడిశా వైపు నుంచి దారి కొంత సులువు. శిక్షణ ఎక్కడైనా తీసుకోవచ్చు, నమోదు మాత్రం ఒక్క రాష్ట్రంలోనే. తరవాత మారాలంటే పాత రాష్ట్ర సంఘం నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి, ఆ తిరుగుడులో సీజను పోతుంది. భువనేశ్వర్‌లోనూ ఇప్పుడు గోపీచంద్ అకాడమీ శిక్షణ కేంద్రం ఉంది. మీకు రైల్లో విశాఖ దగ్గర కాబట్టి సాధనకు అటు వెళ్లినా అడ్డేమీ లేదు.

ముందు జిల్లా సంఘం, దాని ద్వారా రాష్ట్ర సంఘం, ఆపై భారత బ్యాడ్మింటన్ సంఘం ఇచ్చే ఆటగాడి ఐడీ నంబరు. ఈ నంబరు లేనిదే ఆలిండియా ర్యాంకింగ్ టోర్నీలకు ఎంట్రీ లేదు. అండర్ 13, 15, 17, 19 విభాగాల్లో ఈ టోర్నీలు జరుగుతాయి. వాటి ఫలితాల మీదే జాతీయ ర్యాంకు, దాని మీద జూనియర్ జట్టు ఎంపికలకు పిలుపు. విదేశీ టోర్నీలకు ఎవరంతట వారు పేరిచ్చుకోలేరు. సొంత ఖర్చుతో వెళ్లినా ఎంట్రీ జాతీయ సంఘం ద్వారానే వెళ్లాలి.

సరిహద్దు కుటుంబాలు ఇరుక్కునేది కాగితాల దగ్గర. జనన ధ్రువపత్రంలో ఒకలా, బడి రికార్డులో ఇంటిపేరు చివర, ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఒడియాలో రాసిన పేరు ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండు అక్షరాలు తేడా. ఐడీ నంబరుకు అర్జీ పెట్టకముందే జనన ధ్రువపత్రం, ఆధార్, బడి రికార్డు మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండేలా దిద్దించండి. పాస్‌పోర్టు కూడా అదే వరసలో తీయించండి. వయసు విభాగాల గొడవలు ఎక్కువ కాబట్టి, ఏళ్లు గడిచాక నమోదు చేయించిన జనన ధ్రువపత్రం మీద అభ్యంతరాలు వస్తాయి. బాబు పుట్టిన ఆసుపత్రి కాగితం ఉంటే దాచండి.

ఇంకో మాట. ఆలిండియా ర్యాంకింగ్ టోర్నీల్లో రెండు రాష్ట్రాల వాళ్లు జంటగా ఆడొచ్చు. మీ బాబు ఒడిశా ఆటగాడిగానే ఉండి, విజయనగరంలోనో విశాఖలోనో ఉన్న కుర్రాడితో జోడీ కట్టవచ్చు. సరిహద్దున ఉండటంలో ఉన్న లాభం ఇది, వాడుకోండి. రాష్ట్ర జట్టు పోటీలకు మాత్రం ఒడిశా జోడీయే కావాలి.

సర్వీస్ చేస్తే అంపైర్ మాటిమాటికీ ఫాల్ట్ అంటున్నారు. కొన్నిచోట్ల అదే సర్వీస్‌కు ఏమీ అనరు. అసలు ఎత్తు ఎంత?
— గుణుపురం

కాక్‌ను రాకెట్ తాకే క్షణాన కాక్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కంటే కిందే ఉండాలి. 2018 నుంచి అంతర్జాతీయ పోటీల్లో ఈ స్థిరమైన ఎత్తు నడుస్తోంది. కొలిచే పరికరం లేని చిన్న టోర్నీల్లో అంపైర్లు పాత పద్ధతిలో నడుమును, చివరి పక్కటెముకను చూసి చెబుతుంటారు, తేడా అక్కడే వస్తోంది. ఆరడుగుల మనిషికి 1.15 మీటర్లంటే నడుము దగ్గరికి వచ్చేస్తుంది. పొట్టి పిల్లలకు ఛాతీ దాకా చోటున్నట్టే, కానీ అలవాటు చేసుకోవద్దు. నాలుగేళ్లలో ఎత్తు పెరిగాక చెయ్యి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

ఇంట్లో గోడ మీద 1.15 దగ్గర గీత గీసి, దాని పక్కన నిలబడి అద్దంలోనో ఫోన్ వీడియోలోనో పక్క నుంచి చూసుకోండి. కోర్టులో నెట్ మధ్య ఎత్తు 1.524 మీటర్లు. దానికి పైన 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో ఒక పురికొస కట్టి, పట్టీకీ పురికొసకీ మధ్య నుంచి పంపండి. వాడేసిన కాక్‌లు అరవై పక్కన పెట్టుకుంటే పావుగంట సాధన. ఇది రోజూ చేయాల్సిన పని, ఆదివారం పెట్టుకునేది కాదు.

నెట్ మీద తేలుతూ వెళ్లే సర్వీస్ ఎందుకు చచ్చిపోతుందంటే, దాని శిఖరం నెట్ దాటాక వస్తోంది. శిఖరం నెట్‌కు మీ వైపే రావాలి, నెట్ దాటేసరికి కాక్ దిగుతూ ఉండాలి. దీనికి పొట్టి గీతకు, అంటే నెట్ నుంచి 1.98 మీటర్ల గీతకు, ఆనీ ఆననట్టు నిలబడి, మోచేయి ముందుకు పెట్టి, బొటనవేలితో నెట్టాలి. మణికట్టు విరిస్తే లేస్తుంది. రెండు పాదాలూ నేలను వదలకూడదు. రాకెట్ ముందుకు కదిలాక మధ్యలో ఆగకూడదు. ముందు బెండు తగలాలి, ఈకలు కాదు. వేళ్లతో కాక్‌ను తిప్పుతూ వదిలే సర్వీస్‌ను 2023లో ప్రపంచ సమాఖ్య నిషేధించింది. వీడియోలు చూసి దాన్ని నేర్చుకుంటున్నవాళ్లు మానుకోండి.

చలికాలంలో నాలుగు గేములు వచ్చే ఈకల కాక్ ఏప్రిల్‌లో ఒక్క గేముకే విరిగిపోతోంది. పైగా గీత దాటిపోతోంది.
— బల్లార్షా

మీ చాందా (చంద్రపూర్) ఎండలకు గాలిలో తేమ ఉండదు. ఈకల కాడలు ఎండి పెళుసవుతాయి. డబ్బా రెండు మూతలూ తీసి, మరిగే నీటి ఆవిరి అడుగు నుంచి పైకి పోయేలా అయిదారు క్షణాలు పట్టి, మూతలు పెట్టి రాత్రంతా నిలబెట్టి ఉంచండి. మర్నాడు వాడండి. ఇంకా ఎక్కువసేపు పడితే జిగురు మెత్తబడి, బరువెక్కి, కాక్ మరింత దూరం పోతుంది. బెండు తడవకూడదు. డబ్బాలను ఎండలో నిలిపిన కారులోనో స్కూటర్ డిక్కీలోనో వదలకండి.

గీత దాటడానికి కారణం వేడి. వేడి గాలి పలచన, కాక్‌ను తక్కువ ఆపుతుంది. కాక్ వేగాన్ని చెప్పే నంబరు డబ్బా మీద ఉంటుంది. ఎండాకాలానికి నెమ్మది నంబరు కొనాలి: 77 వాడుతుంటే 76, అవసరమైతే 75. కోరాపుట్, జయపురం వైపు ఎత్తు ప్రాంతం కాబట్టి అక్కడ మామూలు రోజుల్లోనూ ఒక నంబరు తగ్గించాల్సి రావచ్చు. పరీక్ష సులువే. వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పూర్తి బలంతో పక్క గీతకు సమాంతరంగా కొట్టండి. అవతలి వెనక గీతకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే సరైన వేగం. కొలవక్కర్లేదు, డబుల్స్ సర్వీస్ వెనక గీత అక్కడే ఉంది. దానికి అటూ ఇటూ 23 సెంటీమీటర్ల లోపు పడాలి.

డబుల్స్ క్రీడాకారిణి గుత్తా జ్వాల మా వైపే పుట్టిందా అని కూడా అడిగారు: అవును, పుట్టింది మీ విదర్భలోనే, వార్ధాలో. ఆట నేర్చింది హైదరాబాద్‌లో. అశ్విని పొన్నప్పతో కలిసి 2010 కామన్వెల్త్ స్వర్ణం, 2011 ప్రపంచ చాంపియన్‌షిప్ కాంస్యం గెలిచింది. ఆమెది ఎడమచేయి, అశ్వినిది కుడిచేయి. ఇలాంటి జంటలో ఇద్దరి బలమైన చేతులూ ఒకసారి మధ్యకు, ఒకసారి పక్కలకు వస్తాయి, ఎదుటివాళ్లు ప్రతి పాయింటుకూ లెక్క మార్చుకోవాలి. మీ క్లబ్బులో ఎడమచేతి పిల్ల ఉంటే సింగిల్స్‌కే వదిలేయకండి.

మూడేళ్లుగా కలిసి ఆడిన జోడీ చదువుల కోసం మానేశాడు. నా ర్యాంకు నాకు ఉంటుందా? అసలు డబుల్స్‌లో బతుకుతెరువు ఉందా?
— పందొమ్మిదేళ్ల ఆటగాడు, జయపురం

ప్రపంచ ర్యాంకింగు జంటది. జోడీ మారితే కొత్త వరుస సున్నా నుంచి మొదలవుతుంది. గడిచిన 52 వారాల్లో ఆ జంట సాధించిన మేలైన పది ఫలితాలే లెక్క. చిన్న స్థాయి టోర్నీ అయిన ఇంటర్నేషనల్ చాలెంజ్ గెలిస్తే 4,000 పాయింట్లు, ప్రపంచ టూర్‌లో కింది మెట్టు అయిన సూపర్ 100 గెలిస్తే 5,500, సూపర్ 300కు 7,000, సూపర్ 1000కు 12,000. జోడీ మార్చడమంటే ఒక ఏడాది సంపాదన వదులుకోవడమే. అందుకే నెలకో జోడీతో తిరిగే అలవాటును మేం గట్టిగా వద్దంటాం. సాత్విక్, చిరాగ్‌ల మెట్లు చూడండి: 2018లో హైదరాబాద్ ఓపెన్, అది సూపర్ 100. 2019లో థాయ్‌లాండ్ ఓపెన్, సూపర్ 500. 2022లో ఫ్రెంచ్ ఓపెన్, సూపర్ 750. 2023లో ఇండొనేసియా ఓపెన్, సూపర్ 1000. ఒక్కో మెట్టుకు ఏడాది నుంచి మూడేళ్లు, మధ్యలో గాయాలు, ఓటములు, అయినా జోడీ అదే.

డబ్బు సంగతి దాచకుండా చెప్పాలి. 2024లో మొత్తం బహుమతి 2,10,000 డాలర్లున్న సూపర్ 300 టోర్నీలో సింగిల్స్ విజేతకు దక్కింది 7.5 శాతం, 15,750 డాలర్లు. డబుల్స్ గెలిచిన జంటకు 7.9 శాతం, 16,590 డాలర్లు. ఇద్దరూ పంచుకుంటే మనిషికి 8,295. అంటే అదే టోర్నీ గెలిచినా సింగిల్స్ ఆటగాడి సంపాదనలో సగం పైచిలుకు మాత్రమే. ఆ స్థాయిలో మొదటి రౌండులో ఓడితే చేతికేమీ రాదు, విమానం, గది ఖర్చు మీదే. కాబట్టి ఇరవై మూడేళ్ల లోపు రైల్వేలోనో పెట్రోలియం సంస్థల్లోనో క్రీడా కోటా ఉద్యోగానికి ప్రయత్నించడం ఆటను వదిలేయడం కాదు, దాన్ని నిలబెట్టుకోవడం. జాతీయ పోటీల సర్టిఫికెట్ల అసలు ప్రతులు ఒక్కటీ పోగొట్టుకోకండి.

కొత్త జోడీని వెతికేటప్పుడు మీలాంటివాడిని వెతకొద్దు. మీరు వెనక నుంచి కొట్టేవారైతే నెట్ దగ్గర చేతులు చురుకైనవాడు కావాలి. మొదటి నెలలోనే కూర్చుని మాట్లాడుకోండి: ఏడాదిలో ఏ టోర్నీలు, ఎవరికి పరీక్షలు ఎప్పుడు, ఒకరికి గాయమైతే ఎంట్రీ, టికెట్ డబ్బు ఎవరు భరించాలి. విడిపోయిన జంటల్లో ఈ లెక్కల దగ్గర చెడినవే ఎక్కువ.

స్మాష్ గట్టిగానే కొడుతున్నాం. అయినా తిరిగొచ్చిన కాక్ ఎప్పుడూ ఖాళీలోనే పడుతోంది.
— ఇద్దరు అన్నదమ్ములు, బరంపురం

మూల నుంచి అడ్డంగా కొడుతున్నారని మీ ఉత్తరాన్ని బట్టే తెలుస్తోంది. వెనక కుడి మూల నుంచి అవతలి దూరపు పక్కకు కొడితే, ఎదుటివాడు దాన్ని తిన్నగా ముందుకు ఆపుతాడు. అక్కడికి మీ ముందు మనిషి చేరేలోపు కాక్ నేల మీద ఉంటుంది. మూల నుంచైతే తిన్నగా కొట్టండి, లేదా ఇద్దరి మధ్యకు. ముందున్న తమ్ముడు నడిగీత మీద కాకుండా, కొట్టిన వైపుకు ఒకడుగు జరిగి, పొట్టి గీతకు ఒకడుగు వెనక నిలబడాలి. నెట్‌కు మరీ అంటుకుంటే కాక్ తల మీదుగా పోతుంది. రాకెట్ నెట్ ఎత్తుకు పైనే ఉండాలి.

ఎప్పుడైతే మీలో ఒకరు కాక్‌ను పైకి లేపారో, అదే క్షణం ఇద్దరూ పక్కపక్కకు రావాలి. లేపినవాడు తన తిన్నని వైపు తీసుకుంటాడు, రెండోవాడు మిగిలిన సగం. ఈ మాటను నోటితో చెప్పుకోండి, "నాది", "వదిలెయ్" అని. మౌనంగా ఆడే జంటకు మధ్య గీత ఎప్పుడూ బరువే.

సిమెంటు కోర్టులో ఆడి మోకాలు నొప్పి, చిప్ప కింద నొక్కితే నొప్పి. మ్యాచ్ ముందు మా వీధి డాక్టరు గారు ఇంజెక్షన్ ఇస్తే ఇట్టే తగ్గుతోంది. రాష్ట్ర పోటీలకు కూడా వేయించుకోవచ్చా?
— బరంపురం

వద్దు. ఇట్టే తగ్గించే ఆ సూదుల్లో చాలావరకు డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. 2022 జనవరి 1 నుంచి అలాంటి స్టెరాయిడ్‌ను ఏ భాగానికి సూదిగా ఇచ్చినా పోటీ సమయంలో నిషేధమే. పోటీకి కొన్ని రోజుల ముందు వేయించుకున్నా నమూనాలో దొరకొచ్చు. తెలియక వేయించుకున్నాననే మాట చెల్లదు, ఒంట్లోకి ఏం పోయిందో ఆటగాడిదే బాధ్యత. జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కూడా పోటీ సమయంలో ఒక మోతాదు దాటితే ఇబ్బందే. ఏ మందైనా వేసుకునే ముందు చీటీ మీద పేరు రాయించుకుని, జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వారి 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో చూసుకోండి. వైద్యానికి తప్పనిసరి అయితే ముందుగా అనుమతి తీసుకునే పద్ధతి ఉంది.

మోకాలి చిప్ప కింద నొక్కితే నొప్పి అంటున్నారు కాబట్టి అది గెంతుళ్ల వల్ల స్నాయువు మీద పడిన భారం కావచ్చు. ఎముకల డాక్టరుకు గానీ ఫిజియోకు గానీ చూపించండి. ఈలోగా సిమెంటు మీద జంప్ స్మాష్‌లు పూర్తిగా మానండి, మ్యాట్ ఉన్న చోట వారానికి రెండు రోజులైనా ఆడండి. అరిగిన రబ్బరు అడుగు బూట్లు మార్చండి. గోడకు ఆనుకుని కూర్చున్నట్టు 45 క్షణాలు ఆగడం, అయిదుసార్లు, రోజు విడిచి రోజు. నొప్పి పెరిగితే ఆపండి.

మా లీగ్ పోటీల్లో మూడింట రెండు మ్యాచ్‌లు గెలిచినా బయటికి పంపారు. అన్యాయం కాదా?
— గుణుపురం

నియమం అదే. గెలుపులు సమానమైన జంటలు రెండే అయితే వాళ్ల మధ్య మ్యాచ్ గెలిచినవాళ్లు ముందు. మూడు జంటలు సమానమైతే గెలిచిన, ఓడిన గేముల తేడా చూస్తారు, అదీ సమానమైతే పాయింట్ల తేడా. లండన్ 2012 ఒలింపిక్స్‌లో జ్వాల, అశ్విని రెండు మ్యాచ్‌లు గెలిచి ఒక్క పాయింటు తేడాతో ఆగిపోయారు. టోక్యోలో సాత్విక్, చిరాగ్ కూడా మూడింట రెండు గెలిచి ముందుకు పోలేకపోయారు. అక్కడ వాళ్లు ఓడించిన తైపీ జంట లీ యాంగ్, వాంగ్ చి లిన్‌లే చివరికి స్వర్ణం గెలిచారు. కాబట్టి లీగ్‌లో 18-8తో ముందున్నా పాయింట్లు వదలకండి, ఓడిపోతున్న గేములోనూ 21-9ని 21-15కు తెచ్చుకోండి. టోర్నీ మొదలయ్యే ముందే నిర్వాహకుల దగ్గర ఈ నియమం రాతలో అడిగి పెట్టుకోండి.